ఖరీఫ్ కొండలు, ప్రవాసి సెలవు

2018 జూన్ 26న ఒమన్ తీరంలోని ఖురయ్యాత్ అనే చిన్న ఊరు వాతావరణ శాస్త్రవేత్తల నోళ్లలో నానింది. రాజధాని మస్కట్‌కు దగ్గరలో, సముద్రం ఒడ్డునే ఉన్న ఆ ఊళ్లో ఆ వేళ 24 గంటల పాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. అది పగటి వేడి లెక్క కాదు, రాత్రి కనిష్ఠం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మిట్టమధ్యాహ్నం కాసే ఎండ అక్కడ నడిరేయికి కూడా దిగలేదన్నమాట. ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే దేశపు దక్షిణ కొసన, సలాలా వెనకున్న కొండల మీద సన్నటి తుంపర మొదలవుతుంది. మస్కట్ నుంచి రెండున్నర, మూడు గంటల్లో చేరుకోగల జబల్ అఖ్దర్ కొండ మీద ఫ్యాన్ లేకుండా నిద్రపడుతుంది. ఈ రెండు చోట్లనూ ఒక్కసారైనా చూడకుండా పదేళ్లు, పదిహేనేళ్లు ఒమన్‌లో పనిచేసి తిరిగొచ్చే తెలుగువాళ్లు ఉన్నారు. ఎందుకు చూడలేదంటే, మేం పోయింది సంపాదించడానికి గానీ తిరగడానికి కాదు కదా అన్న మాట సిద్ధంగా ఉంటుంది. ఆ మాటలో బాధ్యత ఉంది, త్యాగం ఉంది, గౌరవించవలసిన మాటే. అయినా అందులో ఒక పొరపాటు లెక్క కూడా దాగి ఉంది. ప్రవాసికి ఇంటి సెలవు ఎంత అవసరమో, బతుకుతున్న దేశంలోనే చల్లటి చోట గడిపే నాలుగు రోజులూ అంతే అవసరమనీ, ఒకటి రెండోదానికి బదులు కాదనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ప్రవాసి మామూలు రోజు ఎలా ఉంటుందో చూడాలి. ఒమన్ జనాభాలో ప్రతి 10 మందిలో నలుగురికి పైగా విదేశీయులే. వాళ్లలో భారతీయులు పెద్ద భాగం. మస్కట్‌లో రువీ, దార్సయిత్ వీధుల్లో నడిస్తే మలయాళం, హిందీ, బెంగాలీ, తెలుగు చెవిన పడుతూనే ఉంటాయి. ఆఫీసు ఉద్యోగికి ఏసీ గది నుంచి ఏసీ కారు, కారు నుంచి ఏసీ ఆఫీసు, సాయంత్రం ఏసీ హైపర్‌మార్కెట్. ఎండ నిండుగా కాసే దేశాల్లోనే విటమిన్ డి లోపం విరివిగా కనిపించడం గల్ఫ్ వైద్యులకు పాత సంగతి. నిర్మాణ కూలీ రోజు దీనికి పూర్తిగా తలకిందులు. తెల్లవారుజామున క్యాంపు ముందు బస్సెక్కితే మళ్లీ దిగేది చీకటి పడ్డాకే. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్ నిబంధన ఉంది. ఆ మూడు గంటలు నీడన ఒరిగితే దొరికే ఊరటే ఆ రోజుకు విశ్రాంతి. ఏసీ గదిలో ఉద్యోగికి ఎండ అందదు, ఎండలో కూలీకి నీడ అందదు. ఇద్దరికీ సమానమైనది ఒకటుంది, గడియారం. ఒమన్ మన కంటే గంటన్నర వెనక. పెద్ద తేడా కాదు కాబట్టి ఇంటి ఫోను ఏ వేళలోనైనా మోగవచ్చు. బోరు ఎండిపోయిందని, చిట్టీ డబ్బు కట్టాలని, నాన్నకు షుగరు పెరిగిందని, పిల్లవాడి ఫీజుకు ఈ నెలాఖరే గడువని. పని అయిపోయాక మొదలయ్యే ఈ రెండో డ్యూటీకి వారాంతపు సెలవు ఉండదు.

ఇక ఇంటి సెలవు. ఒమన్‌లో 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజుల వేతన సెలవు ఇవ్వాలి. చాలామంది కూలీలు రెండేళ్లకోసారే ఊరికి వస్తారు. టిక్కెట్టు ఖర్చు, కంపెనీ ఒప్పందం, చేతిలో నాలుగు డబ్బులు ఉండాలన్న ఆలోచన, అన్నీ కలిసి రెండేళ్లు చేస్తాయి. జగిత్యాలలోనో రాయచోటిలోనో బస్సు దిగిన మనిషి కోసం ఎదురుచూస్తున్న పనుల పట్టిక చూస్తే ఆ నెల రోజులను విశ్రాంతి అనడానికి నోరు రాదు. సగం కట్టి ఆగిన ఇంటికి శ్లాబు వేయించాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు పెట్టాలి. అమ్మను హైదరాబాదో తిరుపతో తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించాలి. తాను లేనప్పుడు జరిగిన పెళ్లిళ్లకు, చావులకు ఇంటింటికీ వెళ్లి పలకరించాలి. చెల్లెలి సంబంధం కుదర్చాలి. తెచ్చిన సెంటు సీసాలు, ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు ఎవరికి తక్కువైనా మాట పడాలి. రెండేళ్లు తండ్రిని ఫోనులోనే చూసిన పిల్ల దగ్గరికి రావడానికి వారం పడుతుంది, మచ్చికయ్యేసరికి తిరుగు టిక్కెట్టు తేదీ వచ్చేస్తుంది. ఇందులో ప్రేమ లేదనడం లేదు. అసలు ఆ ప్రేమ కోసమే కదా అంత దూరం పోయింది. కానీ ప్రేమకీ విశ్రాంతికీ తేడా ఉంది. అందరికీ కావలసినవాడుగా నెల రోజులు గడిపిన మనిషి, ఎవరికీ ఏమీ బాకీ లేని ఒక్క పూట కూడా చూడకుండా విమానం ఎక్కుతాడు.

సెలవు శరీరానికి, మనసుకు ఏం చేస్తుందన్నదాని మీద మనస్తత్వ శాస్త్రంలో చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది. నెదర్లాండ్స్‌లో జెస్సికా డి బ్లూమ్, ఆమె సహచరులు 2009లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి పరిశీలించారు. సెలవు వల్ల ఆరోగ్యం, హుషారు మెరుగవుతాయని, కానీ పనిలో చేరిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ మేలు కరిగిపోతుందని తేలింది. 2013లో అదే బృందం సుదీర్ఘ సెలవు తీసుకున్న ఉద్యోగులను గమనిస్తే, హాయి ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరి, తిరిగి పనిలో పడ్డ మొదటి వారంలోనే మామూలు స్థాయికి దిగింది. నాలుగైదు రోజుల చిన్న సెలవుల మీద చేసిన మరో అధ్యయనంలో కూడా మేలు కనిపించింది, అదీ త్వరగానే తగ్గింది. జర్మన్ శాస్త్రవేత్త సబీనా సొన్నెంటాగ్ చాలా ఏళ్లుగా చెబుతున్నది ఇంకో ముఖ్యమైన సంగతి. పని చోటు నుంచి దేహం కదలడం సరిపోదు, పని తలపుల నుంచి మనసు కూడా విడివడాలి, అప్పుడే అలుపు తీరుతుందని. ఈ పరిశోధనలు ఎక్కువగా యూరప్ ఉద్యోగుల మీద జరిగినవే, గల్ఫ్ కూలీల మీద కాదు. కానీ అలుపుకు పాస్‌పోర్టు ఉండదు. మేలు కొద్ది వారాల్లో కరిగిపోయేదైతే, రెండేళ్ల కష్టానికి ఒక్క నెల సెలవును మందుగా వేయడం ఏ లెక్కన సరిపోతుంది? దాహం వేసినప్పుడల్లా గుక్కెడు నీళ్లు తాగాలి గానీ, రెండేళ్లకోసారి చెరువు దగ్గరికి పోతే గొంతు తడుస్తుందా?

పని భారం తేలిగ్గా తీసుకునే సంగతీ కాదు. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేయడం వల్ల ఒక్క 2016లోనే పక్షవాతం, గుండెజబ్బులతో ప్రపంచవ్యాప్తంగా 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క కట్టాయి. వేతనంతో కూడిన సెలవు మనిషి హక్కని ఐక్యరాజ్యసమితి 1948 మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. అందులో సెలవు అన్నారు గానీ, ఇల్లు చక్కబెట్టుకునే గడువు అనలేదు.

సెలవు ఎక్కడైనా సెలవే కదా, కొండే ఎందుకు? గల్ఫ్‌లో దీనికి సూటి జవాబు థర్మామీటరు చెబుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, వెయ్యి మీటర్లకు ఇంచుమించు ఆరు డిగ్రీలు. జబల్ అఖ్దర్ మీద సయీక్ పీఠభూమి ఎత్తు సుమారు 2,000 మీటర్లు. మస్కట్ 42లో ఉడుకుతుంటే అక్కడ 30 దగ్గర ఉంటుంది. ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లకు హత్తా కొండలు, సుమారు 1,900 మీటర్ల జబల్ జైస్ ఉన్నాయి. సౌదీలో తాయిఫ్, అభా ఉన్నాయి. ఎండాకాలం రాగానే మక్కా, జిద్దా వాళ్లు తాయిఫ్ చేరడం తరతరాల అలవాటు. కువైట్, ఖతార్‌లలో మాత్రం చెప్పుకోదగ్గ కొండే లేదు. మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఇంటిపనికి ఎక్కువగా వెళ్లింది కువైట్‌కే. నేలంతా బల్లపరుపు, ఆకాశమంతా దుమ్ము, ఎత్తయినవన్నీ భవనాలే అయిన చోట బతకడం మన కొండసీమల నుంచి వెళ్లినవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

అన్నిటిలోనూ సలాలా కథ వేరు. అక్కడి కొండల్ని చల్లబరిచేది ఎత్తు ఒక్కటే కాదు, మనకు బాగా తెలిసిన నైరుతి గాలి. జూన్‌లో కేరళను తాకి, ఆ తర్వాత మన పొలాల మీదికి వచ్చే ఆ గాలే ఆఫ్రికా తీరం నుంచి అరేబియా సముద్రం మీదుగా వీస్తూ ఒమన్ దక్షిణ తీరాన్ని రాసుకుంటూ పోతుంది. ఆ ఒరిపిడికి తీరం దగ్గర పైనీళ్లు పక్కకు తొలగి, సముద్రపు లోతుల్లోని చల్లని నీళ్లు పైకి వస్తాయి. వాటి మీదుగా వచ్చిన తేమగాలి చల్లబడి మంచుపొగగా మారుతుంది. ఆ పొగ పైకి లేవబోతే పైన ఎడారి నుంచి వచ్చే వెచ్చటి పొడిగాలి మూతలా అడ్డుకుంటుంది. ఇటు కొండలు నిలబడి ఉంటాయి. మూతకూ కొండకూ మధ్య చిక్కిన పొగ తుంపరై రాలుతుంది. కుండపోత వాన అరుదు. చెట్ల ఆకులే పొగలోంచి నీళ్లను దువ్వి కిందికి వదులుతాయి. వేసవిలో బూడిదరంగులో ఉన్న కొండ జూలై కల్లా పచ్చబడుతుంది. వాదీ దర్బాత్‌లో వాగు పారుతుంది, ఊటలు ఉబుకుతాయి, ఒంటెలు మోకాలెత్తు గడ్డిలో మేస్తాయి. శిఖరం దాటి నాలుగు అడుగులు అవతలికి వేస్తే మళ్లీ ఎడారే. పొగ అందని ఆ పొడినేలలోనే లుబాన్ చెట్లు పెరుగుతాయి. మన సాంబ్రాణిలా నిప్పుల మీద వేసి ధూపం పట్టే బంక అది, ప్రాచీన కాలంలో ఆ దేశానికి సంపద తెచ్చింది. ఇటువైపు సలాలా ఊళ్లో దారి పక్కన కొబ్బరిబోండాలు, అరటిగెలలు అమ్ముతారు. కోనసీమ మనిషి అక్కడ బస్సు దిగితే కాసేపు నోట మాట రాదు.

జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా ఉండే ఈ కాలాన్ని ఒమనీలు ఖరీఫ్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు శరదృతువు అని అర్థం. మన రెవెన్యూ కాగితాల్లో, వ్యవసాయ శాఖ ప్రకటనల్లో ఉన్న ఖరీఫ్ కూడా ఆ మాటే, పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చింది. రైతు నోట అది వానకాలం పంట, సర్కారు నోట ఖరీఫ్. ఒకే గాలి, ఒకే మాట, సముద్రానికి అటూ ఇటూ. నాట్లు వేసే రోజుల్లో ఊరు విడిచి ఎడారికి పోయిన రైతుబిడ్డకు, తన ఊరి వాన తాను ఉంటున్న దేశానికీ వస్తుందని తెలియడం చిన్న విషయం కాదు. పరాయి నేల మీద మనకూ ఒక చుట్టరికం ఉందన్న భావం ఎవరో ప్రసంగం చేస్తే కలగదు. తుంపరలో నిలబడితే కలుగుతుంది.

కొండ సెలవు చేసే అసలు మేలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. చల్లదనం సగం సంగతే. నగరంలో ప్రవాసికి ఒమనీ ఎవరు? అర్బాబ్, అంటే యజమాని. లేదా బతాకా, అంటే గుర్తింపు కార్డు, అడిగే పోలీసు, వీసా కౌంటర్లో ఉద్యోగి, కారులో దూసుకుపోయే పెద్దమనిషి. ఇరవయ్యేళ్లు ఉన్నా ఇంతకు మించి తెలియకుండా ఉండిపోవచ్చు. జబల్ అఖ్దర్ కొండవాలున అల్ అయిన్, షరైజా ఊళ్ల దగ్గర రాతిమెట్లుగా చెక్కిన పొలాలు చూస్తే వేరే ఒమన్ కనిపిస్తుంది. దానిమ్మ, అక్రోటు తోటలు, గులాబీ మళ్లు. మార్చి చివర నుంచి మే ఆరంభం దాకా పూసే ఆ గులాబీలను తెల్లవారుజామునే కోసి, మట్టి పొయ్యిల మీద ఆవిరి పట్టి పన్నీరు తీస్తారు. ఈ తోటలకు నీళ్లు తెచ్చేవి ఫలజ్ కాలువలు. కొండ అడుగున ఊరే నీటిని వాలు చూసి తవ్విన సన్నటి కాలువల్లో ఊళ్లోకి మళ్లిస్తారు, ఏ మోటారూ లేకుండా. ఎవరి పొలానికి ఎంతసేపు నీరన్నది వంతుల లెక్క. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి ఆ వంతులు చూసేవారు. ఒమన్‌లో ఇలాంటి ఐదు ఫలజ్‌లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఒకటి ఈ కొండ పాదాన ఉన్న బిర్కత్ అల్ మౌజ్‌లోనే పారుతుంది. ఆ ఊరి పేరుకు అరటి కొలను అని అర్థం. చెరువు కింద తూము తెరిచి వంతులవారీగా మడులకు నీళ్లు వదిలే నీరటికాడిని ఎరిగిన కరీంనగర్ మనిషికి, ఫలజ్ ఒడ్డున ఏ గైడూ అక్కర్లేదు. నగరంలో అధికారిగా ఎదురైన జాతి ఇక్కడ రైతుగా ఎదురవుతుంది. అప్పుడు మాట కలుస్తుంది, ఖహ్వా (కాఫీ) కప్పు చేతికొస్తుంది.

వేడి దేశంలో పనికి వచ్చిన పరాయివాడికి కొండ అవసరమన్న సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన నేల మీదే దానికి సాక్ష్యం ఉంది. బ్రిటిష్ అధికారులు కూడా ఒకరకంగా ప్రవాసులే. ఉద్యోగానికి వచ్చి, ఎండకు అల్లాడి కొండలెక్కారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820ల తొలినాళ్లలో ఊటీలో ఇల్లు కట్టాడు. 1864లో సిమ్లా ఏకంగా దేశపు వేసవి రాజధాని అయింది. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ అని స్థానికులు పిలుచుకునే కొండ మీద, 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది ఏర్పాటు చేసుకున్నాడు; 1,200 మీటర్లకు పైన ఉన్న ఆ కొండ నేటికీ హార్స్‌లీ హిల్స్‌గానే చలామణీలో ఉంది. ఏ సీమకు పనికి వచ్చిన దొరకు కొండ విడిది అవసరమని పాలకులు ఒప్పుకున్నారో, ఆ సీమ నుంచే ఇప్పుడు వేలమంది కువైట్‌కు, ఒమన్‌కు పనికి పోతున్నారు. దొర అలుపు నిజమైతే వీళ్ల అలుపు అబద్ధమా? అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. దొరలు కొండెక్కింది దేశానికి దూరంగా జరగడానికి. అక్కడ చర్చి, క్లబ్బు, ఇంగ్లండు పూలమొక్కలు పెట్టుకుని, డోలీ మోసే వాళ్లను తప్ప మనుషులను దగ్గరికి రానివ్వలేదు. గల్ఫ్ ప్రవాసి కొండ ప్రయాణం దీనికి ఎదురుదిక్కున సాగగలదు, ఆ దేశంలోకి, దాని పొలాల్లోకి, దాని మనుషుల దగ్గరికి.

డబ్బు మాటేమిటన్నది మొదటి అభ్యంతరం. ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీతో పెరుగుతుంటే కొండలూ గులాబీలూ ఏమిటంటారు. అప్పు తీరని తొలి ఏడాదో రెండేళ్లో ఆ మాట నిజం. అప్పుడు ఎవరూ వేరేలా చెప్పకూడదు. కానీ అప్పు తీరాక కూడా అదే మాట పదేళ్లు నడుస్తుంది. రూమ్‌లో ఉన్న నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుని, వంటపాత్రలు, బియ్యం వెంట తీసుకెళ్లి, కొండ కింద చౌక గదిలో రెండు రాత్రులు గడపడానికి అయ్యే ఖర్చు, ఇంటికి పోయేటప్పుడు చుట్టాల కోసం నింపే ఒక్క సూట్‌కేసు ఖర్చుకు మించదు. ఆ సూట్‌కేసును ఎవరూ దుబారా అనరు, అది మర్యాద. తన మీద పెట్టుకున్నది మాత్రం దుబారా అవుతుంది. కుటుంబమంతా ఒక్క మనిషి ఒంట్లో సత్తువ మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ ఒంటిని కాపాడుకోవడం కూడా కుటుంబం కోసం పెట్టే ఖర్చే. ఇంట్లో ఎద్దుకు అమావాస్య నాడు కాడి కట్టని ఆచారం మనకు ఉంది. ఎద్దుకు చూపిన దయ కొడుకుకు చూపడానికి ఏ శాస్త్రం అడ్డొస్తుంది?

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని తప్పించుకోవడం సాధ్యం కాదు. కొండకు పోయేది ఇంజినీర్లు, అకౌంటెంట్లు, సొంత కారు ఉన్నవాళ్లు. మస్కట్ చుట్టుపక్కల మబేలా, వాదీ కబీర్ షెడ్లలో పనిచేసేవాళ్లకు ఈ వ్యాసం ఎందుకు అని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పుకోవాలి. నిజమే, కొండ అందరికీ సమానంగా దగ్గర కాదు. జబల్ అఖ్దర్ ఎక్కే దారిలో పోలీసు తనిఖీ చోటు ఉంది; ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితేనే పైకి వదులుతారు. దిగేటప్పుడు ఏటవాలుకు బ్రేకులు కాలిపోయి ప్రమాదాలు జరగకుండా పెట్టిన నియమం అది, సరైనదే. కానీ దాని ఫలితంగా మామూలు కారు ఉన్నవాడికి, కారే లేనివాడికి ఆ కొండ మూడు గంటల దూరం కాదు, ముప్పై ఏళ్ల దూరం. సలాలాకు మస్కట్ నుంచి బస్సులు ఉన్నాయి, వెయ్యి కిలోమీటర్లు, ఇంచుమించు రోజంతా లేదా రాత్రంతా ప్రయాణం. అది కొంత నయం. ఇక ఇంటిపని చేసే ఆడవాళ్ల స్థితి అన్నిటికన్నా కష్టం. కార్మిక చట్టం వాళ్లకు వర్తించదు, వేరే నిబంధనలు ఉన్నాయి. పనిచేసే చోటూ పడుకునే చోటూ ఒకటే అయినప్పుడు సెలవు రోజు అన్న మాటకే హద్దు చెరిగిపోతుంది. యజమాని కుటుంబం ఖరీఫ్‌కు సలాలా పోతే ఆమె కూడా వెళుతుంది గానీ, పిల్లల్ని ఎత్తుకోవడానికి, అక్కడా వంట చేయడానికి. ఆమె కొండను చూసిందని చెప్పవచ్చు. సెలవు గడిపిందని చెప్పలేం.

అయితే ఇదంతా కొండ సెలవు వద్దనడానికి కారణం కాదు, దాన్ని మనిషి సొంత సరదాగా కాక పని షరతుల్లో భాగంగా చూడాలనడానికి కారణం. కంపెనీ ఏటా ఒకసారి తన బస్సులోనే కార్మికులను సలాలాకో, ఏదైనా వాదీ (వాగు) ఒడ్డుకో తీసుకెళ్లి రెండు రాత్రులు ఉంచడం అసాధ్యమేమీ కాదు. అక్కడ తెలుగువాళ్లు ఉగాదికి, దసరాకు హాలు తీసుకుని వేడుకలు చేస్తారు, సినిమావాళ్లను పిలిపిస్తారు. అందులో ఒక్క వేడుక ఖర్చుతో రెండు బస్సుల క్యాంపు కూలీలను కొండకు పంపవచ్చు. వేడుకలు వద్దని కాదు. హాలులో వేదిక ముందు కూర్చునేది ఎవరు, క్యాంపులో మిగిలిపోయేది ఎవరు అన్నది ఆలోచిస్తే ఈ మాట కఠినంగా అనిపించదు.

ఎలాగూ తిరిగి రావలసిన దేశం, దాని మీద మనసు పెట్టుకోవడం ఎందుకనేవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లో పౌరసత్వం దాదాపు రాదు. ఉద్యోగం ఉన్నంతకాలమే వీసా. అంచేత అక్కడి రోజులను లెక్కలోకి రాని రోజులుగా, అసలు బతుకు ఊళ్లో దాచిపెట్టి ఉన్నట్టుగా చూడటం చాలామందికి అలవాటైంది. ఈ అలవాటు మనిషిని కొంతకాలం నిలబెడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇరవై రెండేళ్లకు వెళ్లి నలభై అయిదుకు తిరిగొచ్చిన మనిషి యవ్వనమంతా ఆ లెక్కలోకి రాని ఖాతాలోనే పోయింది. వచ్చాక అక్కడి గురించి పిల్లలకు చెప్పడానికి క్యాంపు, ఎండ, సూపర్‌వైజరు తప్ప మరేమీ మిగలకపోవడం ఎంత నష్టం! చిన్న వయసులో పిల్లల్ని అక్కడే పెంచే కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. మస్కట్ బడిలో చదివే తెలుగు పిల్లకు ఒమన్ పుట్టిన నేలో పెరిగిన నేలో అవుతుంది. ఆ నేల ఆమెకు మాల్, స్కూలు బస్సు, అపార్ట్‌మెంటు లిఫ్టుగా మాత్రమే తెలియడం న్యాయం కాదు.

కొండల తరఫున కూడా ఒక అభ్యంతరం ఉంది, దాన్ని మనం ముందే ఒప్పుకోవాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఖరీఫ్ మూడు నెలల్లో సలాలాకు వచ్చేవాళ్లు 10 లక్షల దాకా చేరారు. సౌదీ, ఎమిరేట్స్ నుంచి కార్ల వరసలు వస్తాయి. ఆ పచ్చదనం పలుచటి మట్టి మీద మూడు నెలల కోసం లేచిన పచ్చదనం. టైర్లు తొక్కిన చోట గడ్డి చచ్చి బురద మిగులుతుంది, తిని పారేసిన ప్లాస్టిక్ ఊటల్లో తేలుతుంది. మంచుపొగలో ఎదుటి బండి కనిపించక ప్రమాదాలు జరుగుతాయి. ఉత్తరాది కొండల్లో వాన పడితే ఎండిన వాదీ నిమిషాల్లో పొంగుతుంది. పారే వాదీని కారుతో దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ప్రవాసులూ ఉన్నారు, అలా దాటడం ఆ దేశంలో నేరం కూడా. కాబట్టి కొండకు వెళ్లేవాడు అతిథి మర్యాద పాటించాలి. రద్దీ తక్కువుండే సెప్టెంబర్ మొదట్లో పోవడం, ఆదివారం నుంచి గురువారం దాకా ఉన్న పని దినాల్లో ఒకటి రెండు సెలవు పెట్టుకుని వారాంతపు గుంపును తప్పించుకోవడం, మోసుకెళ్లిన చెత్తను మోసుకురావడం. ఫలజ్ నీళ్లలో కాళ్లు, ప్లేట్లు కడగకూడదు; అది ఊరు తాగే నీరు కూడా.

ఇక తేదీల సంగతి. ఈద్ సెలవులు చంద్రమానం ప్రకారం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతాయి. బక్రీద్ ఇప్పటికే జూన్ నుంచి మేలోకి జరుగుతోంది, ఖరీఫ్ తుంపరకు అది అందదు. రంజాన్ పండుగ మార్చిలో పడుతున్నందువల్ల జబల్ అఖ్దర్ గులాబీలకు కాస్త ముందే అవుతుంది. కానీ ప్రవక్త జన్మదినపు సెలవు 2025లో సెప్టెంబర్ మొదటి వారంలో వచ్చింది. అది 2026 నుంచి కొన్నేళ్లు ఆగస్టులో, ఆ తర్వాత జూలైలో వస్తుంది, అంటే నడి ఖరీఫ్‌లో. దానికి ముందూ వెనకా శుక్ర, శనివారాలను, ఒకటి రెండు సొంత సెలవులను కలుపుకుంటే నాలుగు రోజులు. గురువారం డ్యూటీ దిగి రువీలో రాత్రి బస్సెక్కినవాళ్లు, కిటికీ అవతల గంటల తరబడి ఇసుకే చూసి, మర్నాడు తుమ్‌రైత్ దాటి సలాలా వైపు కొండ దిగుతున్నప్పుడు అద్దం మీద మొదటి నీటిపూస చూస్తారు.